21వ ఏట అడిగే ప్రశ్నకు 16వ ఏటి నుంచే జవాబు రాయించండి

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జువైనల్ జస్టిస్ కమిటీ గౌరవ న్యాయమూర్తులకు,
రాష్ట్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను విజయనగరంలో ఉంటున్న క్లినికల్ సైకాలజిస్టుని. కేసుల్లో ఇరుక్కుని జువైనల్ జస్టిస్ బోర్డుల (18 నిండని పిల్లల కేసులు చూసే బోర్డుల) ముందుకు వచ్చిన పిల్లలతో మాట్లాడి, వాళ్ల మానసిక స్థితి మీద నివేదికలు రాయడం నా పనిలో ఒక భాగం. ఈ ఉత్తరం ఏ ఒక్క కేసు కోసమూ రాయడం లేదు. పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది కాబట్టి ఊరు, పేరు, కులం, కేసు నంబరు అన్నీ తీసేసే రాస్తున్నాను.

2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం, 16 నిండి 18 నిండని పిల్లవాడి మీద ఘోర నేరం ఆరోపణ వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేస్తుంది. మొదటిది 15వ సెక్షన్‌లో ఉంది. ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం పిల్లవాడికి ఉందా, దాని పర్యవసానాలు తెలుసుకోగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడంటున్నారు? వచ్చిన జవాబును బట్టి బోర్డు కేసును తన దగ్గరే ఉంచుకుంటుంది, లేదా చిల్డ్రన్స్ కోర్టుకు పంపుతుంది. అక్కడ పెద్దవాడిగా విచారించి శిక్ష వేసినా 21 ఏళ్లు వచ్చేదాకా జైల్లో పెట్టకూడదు, ‘ప్లేస్ ఆఫ్ సేఫ్టీ’లో, అంటే జైలు కాని వేరే సురక్షిత గృహంలో ఉంచాలి. రెండో ప్రశ్న 20వ సెక్షన్‌ది. 21 నిండేనాటికి శిక్ష ఇంకా మిగిలుంటే కోర్టు మళ్లీ చూడాలి. ఇతను మారాడా? బయటికొస్తే నలుగురికీ పనికొచ్చే మనిషిగా బతకగలడా? అవునని తేలితే షరతుల మీద, పర్యవేక్షణలో విడుదల చేయవచ్చు. కాదని తేలితే మిగిలిన శిక్ష పెద్దల జైల్లో.

మొదటి ప్రశ్న మీద పదేళ్లుగా దేశంలో బోలెడంత వాదన జరిగింది. టీవీల్లో, పార్లమెంటులో, సుప్రీంకోర్టులో. రెండో ప్రశ్న ఊసెత్తేవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. నా మనవి దాని గురించే. ఆ రోజున కోర్టు చేతిలో పెట్టడానికి మన దగ్గర ఏముంటోంది?

ఒక ఫైలు సంగతి చెప్తాను. ఏ జిల్లాదో, ఏ కార్యాలయానిదో చెప్పను. ఇరవై దాటిన ఒక యువకుడిని చూసి అభిప్రాయం రాయమని అది నా దగ్గరికి వచ్చింది. పదహారు దాటిన కొత్తలో, మరికొందరితో కలిసి చేసిన నేరం. ఒక ప్రాణం పోయింది. ఫైలు మందంగానే ఉంది. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, సాక్షుల వాంగ్మూలాలు, వాయిదాల కాగితాలు. ఇన్నిట్లో అతని మనసు గురించి ఉన్నది పేజీన్నర. ‘తెలివితేటలు సగటు స్థాయి. మంచిచెడుల తేడా తెలుసు. అడిగినవాటికి జవాబిచ్చాడు. పశ్చాత్తాపం కనబరచలేదు.’ అంతే. ఆ తర్వాత ఏటేటా వచ్చిన ప్రగతి నివేదికల్లో తేదీ మారిందే తప్ప వాక్యం మారలేదు: ‘ప్రవర్తన సంతృప్తికరం.’

అతను మాత్రం చేతిలో ఒక పాలిథిన్ కవరు పట్టుకుని వచ్చాడు. తోడు వచ్చిన పోలీసాయన దాన్ని విప్పి చూసి తిరిగిచ్చాడు. లోపల అంచులు ముడుచుకుపోయిన లాంగ్ నోట్‌బుక్. ఇంటి వైరింగ్ బొమ్మలు, స్విచ్ బోర్డు కనెక్షన్లు, ఫేజు ఎర్ర పెన్నుతో, న్యూట్రలు నీలం పెన్నుతో. ప్రతి పేజీ పైన తేదీ. వెనక పేజీల్లో మరెవరివో వంకర టింకర అక్షరాలు, అ ఆలు, పేరు, ఊరు. ఇవి ఎవరివని అడిగితే, తన తర్వాత వచ్చిన ఒక చిన్నవాడివని, వాడికి చదువు రాదని, రాత్రిళ్లు కూర్చోబెట్టి తనే నేర్పానని చెప్పాడు. దీన్ని ఎవరికైనా చూపించావా అన్నాను.

“ఎవులూ అడగనేదు మేడమ్.”

ఇన్నేళ్లలో అతను ఎంత మారాడో చెప్పగల సాక్ష్యం మొత్తం అతను దాచుకున్నదే. మనం దాచిపెట్టింది ఏమీ లేదు. ఆ నోట్‌బుక్ వర్షానికి తడిసిపోయి ఉంటే, గది మారినప్పుడు ఎవరైనా పారేసి ఉంటే, నేను కోర్టుకు ఏ ఆధారంతో ఏం రాసేదాన్ని?

చట్టంలో లోటు లేదండి. ప్లేస్ ఆఫ్ సేఫ్టీలో ఉన్నన్నాళ్లూ చదువు, చేతిపని శిక్షణ, కౌన్సెలింగ్, అవసరమైతే మానసిక వైద్యం అందించాలని 19వ సెక్షన్ చెబుతోంది. పిల్లవాడు ఎలా ఉన్నాడో ప్రతి ఏటా ప్రొబేషన్ ఆఫీసరు గానీ, జిల్లా బాలల పరిరక్షణ విభాగం గానీ, సామాజిక కార్యకర్త గానీ కోర్టుకు నివేదిక ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఆ నివేదికలనూ నిపుణుల అభిప్రాయాన్నీ ముందు పెట్టుకునే 21వ ఏట నిర్ణయం తీసుకోవాలని 20వ సెక్షన్ అంటోంది. అంటే చివరి నిర్ణయం నిలబడాల్సింది ఈ ఏటేటి కాగితాల మీదే. అవి తూతూమంత్రంగా ఉంటే, ఎంత చేయి తిరిగిన సైకాలజిస్టుని పిలిపించినా ఒక పూటలో ఐదేళ్ల మనిషిని చదవలేరు. నారు పోయని మడికి కోతల నాడు కొడవలి పట్టుకెళ్లినట్టు ఉంటుంది ఆ పని.

15వ సెక్షన్ కింద చేసే ఆ మొదటి మదింపు ఎంత పలచగా ఉంటే తర్వాతి పోలిక అంత కష్టం. 16వ ఏట ఇతను ఎలా ఉండేవాడో తెలియకుండా 21వ ఏట మారాడో లేదో ఎవరు చెప్పగలరు? అందుకే ముందు ఆ మొదటి మదింపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

2022 జులై 13న సుప్రీంకోర్టు బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో ఒక సంగతి తేల్చి చెప్పింది. బాలల మనస్తత్వ శాస్త్రంలోనో, బాలల మానసిక వైద్యంలోనో డిగ్రీ ఉండి ఆ వృత్తిలో ఉన్నవాళ్లు బోర్డులో లేనప్పుడు, బయటి నిపుణుల సాయం తీసుకోవడం బోర్డు ఇష్టాయిష్టాలకు వదిలిన విషయం కాదు, తీసుకుని తీరాలి. పర్యవసానాలు తెలియడమంటే కత్తితో పొడిస్తే మనిషి చచ్చిపోతాడని తెలియడం ఒక్కటే కాదు, చనిపోయినవాళ్ల ఇంటికీ తన ఇంటికీ తన బతుక్కీ ముందుముందు ఏమవుతుందో ఊహించగలగడం కూడా అని ఆ తీర్పు సారం. ఆ మరుసటి ఏడాది జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అయినా మన దగ్గర ‘సైకాలజీ టెస్టు’ అంటే చాలామంది దృష్టిలో ఇప్పటికీ ఐక్యూ అంకే.

ఆ అంకె సంగతి చూడండి. మలిన్ గారి ఐక్యూ పరీక్ష 6 నుంచి 15 ఏళ్ల పిల్లల కోసం తయారైంది. 15వ సెక్షన్ వర్తించేది 16 నిండినవాళ్లకు! బినే-కామత్ పరీక్షను కామత్ గారు దశాబ్దాల కిందట మరాఠీ, కన్నడ పిల్లల కోసం మలిచారు. శ్రీకాకుళం జిల్లా మందసలోనో మెళియాపుట్టిలోనో పెరిగిన పిల్లవాడిని దానితో తూచి వచ్చిన అంకెను కోర్టులో తిరుగులేని సాక్ష్యంగా పెట్టడం న్యాయం కాదు. పైగా ఆ అంకె సరైనదే అనుకున్నా, అది చెప్పేది ప్రశాంతమైన గదిలో కూర్చుని లెక్క చేయగలడా లేదా అన్నది. పదహారేళ్ల పిల్లలు అలాంటి గదిలో దాదాపు పెద్దవాళ్లంత బాగా ఆలోచిస్తారు. తేడా వచ్చేది అక్కడ కాదు. కోపంలో, భయంలో, పక్కన స్నేహితులు చూస్తున్నప్పుడు వస్తుంది.

గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కంప్యూటరు మీద కారు నడిపే ఆట ఆడించారు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు, కాలేజీ వయసువాళ్లు, 24 దాటినవాళ్లు. ఒంటరిగా ఆడినప్పుడు, తోటివాళ్లు పక్కనున్నప్పుడు. తోటివాళ్లు ఉన్నప్పుడు చిన్నవాళ్లు తీసుకున్న ప్రమాదం బాగా పెరిగింది. పెద్దవాళ్లలో ఆ తేడా కనబడలేదు. నేను చూసిన కేసుల్లో కుర్రాళ్లు ఒంటరిగా చేసిన నేరాలు తక్కువ. జాతర రాత్రో, పందెం దగ్గరో, జట్టుగా ఉన్నప్పుడే చేయి లేచింది. అలాంటి కుర్రాడిని మర్నాడెప్పుడో ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టి, ‘కొడితే చచ్చిపోతారని తెలుసా’ అని అడిగితే ‘తెలుసండి’ అనే అంటాడు. ఆ ‘తెలుసండి’ నివేదికలోకి ఎక్కుతుంది. ఆ రాత్రి ఎవరు మొదలెట్టారు, ఎవరు రెచ్చగొట్టారు, వెనక్కి తగ్గితే జట్టులో తన పరిస్థితి ఏమిటి అన్నది ఎక్కదు. చట్టం అడిగిన మూడో అంశం, అంటే పరిస్థితులు, ఇదే కదా.

పరిస్థితులు రాయడానికి ఒక కాగితం ఉంది. పిల్లవాడిని మొదటిసారి హాజరుపరిచిన 15 రోజుల్లో ప్రొబేషన్ ఆఫీసరు ఇవ్వాల్సిన సామాజిక పరిశోధన నివేదిక. అందులో ఇంటి సంగతులకు, చదువుకు, స్నేహాలకు, అలవాట్లకు గడులు ఉన్నాయి. వాటిని సరిగ్గా నింపితే సగం మదింపు అక్కడే అయిపోతుంది. కానీ ‘తండ్రి: కూలి’ అని రాసి వదిలేస్తే ఏం తెలుస్తుంది? మన తీరం ఊళ్ల నుంచి మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకు వెళ్లి నెలల తరబడి అక్కడే ఉండిపోతారు. 2018లో అలా వెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. ఆ ఇళ్లలో ఏడాదికి పైగా తండ్రి పాత్ర ఎవరు పోషించారు? ఉద్దానంలో తండ్రి డయాలసిస్ మీదున్న ఇంట్లో పెద్ద కొడుకు బడి మాని జీడిపప్పు బట్టీలో పనికి చేరితే, ఆ కుర్రాడు పద్నాలుగేళ్లకే ఇంటి పెద్ద. బయట ఎవరి మాటకు లొంగాడో, ఎవరి దగ్గర అప్పు చేశాడో, ఎప్పుడు తాగుడు మొదలెట్టాడో ఆ కథలోంచే వస్తుంది. ఇది నేరాన్ని సమర్థించడానికి చెప్పడం లేదు. అదే ఇంట్లో పుట్టిన తమ్ముడు ఏ తప్పూ చేయకుండా ఉన్నాడు, నాకు తెలుసు. కానీ ఏ కారణంతో చేయి జారాడో రాసి పెట్టుకోకపోతే, ఆ కారణం 21వ ఏటికి ఉందో పోయిందో ఎలా చూస్తాం?

ఇక మాట. కొండ ఊళ్ల నుంచి వచ్చే సవర, కువి భాషల గిరిజన పిల్లలు తెలుగు మాట్లాడతారు, నిజమే. సంతలో మాట్లాడతారు, బడిలో మాట్లాడతారు. తల్లి చనిపోయినప్పుడు ఏమనిపించిందో చెప్పమంటే ఆ తెలుగు చాలదు. ఇటువైపు నుంచే వెళ్లి పర్లాకిమిడిలో ఉద్యోగం చేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలకు చదువు చెప్పాలని వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. అవి వచ్చింది 1930లలో. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక సవర పిల్లవాడి భవిష్యత్తు తేల్చే ఇంటర్వ్యూలో పక్కన ఆ భాష తెలిసిన మనిషిని కూర్చోబెట్టకపోవడం మనకు తగదు. దుబాసీగా పోలీసును గానీ, అదే కేసులో సాక్షిని గానీ పెట్టకూడదని వేరే చెప్పాలా?

మైదానం పిల్లలతో ఇంకో ఇబ్బంది. పెద్ద ఉద్యోగి అడిగితే ఏది అడిగినా ‘అవునండి’ అనేస్తారు. ఎదురు చెప్తే ఏమవుతుందో అన్న భయం అది. ఒకే విషయాన్ని తిప్పి అడిగితే రెండింటికీ అవునంటారు. ఒక్క పూట ఇంటర్వ్యూలో ఇది బయటపడదు. అందుకే కనీసం వేర్వేరు రోజుల్లో చూడాలి, తల్లితో విడిగా మాట్లాడాలి, బడి మాస్టారితో మాట్లాడాలి.

ఈ మదింపులో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ప్రాథమిక మదింపు విచారణ కాదని చట్టమే చెప్పింది. నేరం రుజువయ్యే దాకా పిల్లవాడు నిర్దోషి అని భావించాలని ఈ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల్లోని 10-ఎ నియమం చెబుతోంది. అయినా కొన్ని నివేదికల్లో ‘తాను నేరం చేసినట్లు ఒప్పుకున్నాడు’ అన్న వాక్యం ఉంటుంది. పక్కన లాయరు లేకుండా, ఇది ఎక్కడికి పోతుందో తెలియకుండా, సాయం చేయడానికి వచ్చిన మేడమ్ అనుకుని పిల్లవాడు చెప్పిన మాట అది. పశ్చాత్తాపం విషయమూ అంతే. చేయని కుర్రాడు దేనికి పశ్చాత్తాపపడాలి? అప్పీలు నడుస్తున్న కుర్రాడు లాయరు చెప్పినట్టు నోరు మూసుకుంటే అది మొండితనం అవుతుందా? ఏడ్చినవాడు మంచివాడూ కాదు, ఏడవనివాడు కసాయీ కాదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. పోక్సో చట్టంలో 2019 సవరణ తర్వాత కనీస శిక్షలు పెరిగాయి. ఏడేళ్లు, అంతకు మించి కనీస శిక్ష ఉన్న నేరం ఏదైనా ఘోర నేరమే. కాబట్టి ఇష్టపడి ఇద్దరూ ఇల్లు వదిలి వెళ్లిపోతే, పదిహేడేళ్ల అబ్బాయి మీద పెట్టే కేసూ, ఒక చిన్నపిల్ల మీద జరిగిన అత్యాచారం కేసూ ఒకే 15వ సెక్షన్ కింద వస్తాయి. ఈ రెండింటికీ ఒకే అచ్చు నివేదిక రాస్తే ఇద్దరు కుర్రాళ్లకూ అన్యాయమే, ఆ చిన్నపిల్లకు మరీ అన్యాయం.

ఇప్పుడు 21వ ఏటి సంగతి.

కుర్రతనంలో నేరం చేసినవాళ్లలో ఎక్కువమంది వయసు ముదిరేకొద్దీ దాన్ని వదిలేస్తారని, కొద్దిమంది మాత్రం చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా ఆ దారిలోనే ఉంటారని సైకాలజిస్టు టెరీ మొఫిట్ 1993లో రాసిన వ్యాసం నుంచి ఈ రంగంలో ఉన్న అవగాహన. ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ నగరాల్లో తీవ్రమైన నేరాలు చేసిన 1,354 మంది కౌమారులను ఏడేళ్ల పాటు వెంబడించి చూసిన అధ్యయనంలోనూ ఇలాగే తేలింది. అత్యధికులు తగ్గించుకున్నారు. మరో సంగతి కూడా తేలింది. మొదట చేసిన నేరం ఎంత పెద్దదో చూసి, ఎవరు కొనసాగిస్తారో చెప్పలేకపోయారు. ఇది మన కోర్టులకు చాలా ముఖ్యం. ఎందుకంటే చేతిలో ఇంకే కాగితమూ లేనప్పుడు, జడ్జి గారైనా నాలాంటివాళ్లమైనా నేరం ఎంత ఘోరంగా ఉందో చూసే మనిషిని కొలుస్తాం. ‘సంఘ వ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత’ అనే ముద్రను 18 ఏళ్ల లోపు వాళ్లకు వేయకూడదని మానసిక వైద్యుల ప్రమాణ గ్రంథమే చెబుతుంటే, 16వ ఏటి పేజీన్నర కాగితంలో దాదాపు అదే అర్థమొచ్చే మాటలు ఉండి, ఐదేళ్ల తర్వాత అవే మళ్లీ చదివి వినిపించడం జరుగుతుంది.

ఎన్నేళ్ల తర్వాతైనా మనిషి మారాడని చూపించాలంటే కాగితం కావాలి. అమెరికాలో హెన్రీ మాంట్‌గొమరీ అనే ఆయన 1963లో, 17 ఏళ్ల వయసులో ఒక పోలీసు అధికారిని చంపాడు. విడుదల లేని యావజ్జీవం పడింది. చిన్న వయసు నేరస్తులకు అలాంటి శిక్షను యాంత్రికంగా వేయకూడదని 2012లో మిల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అది పాత శిక్షలకూ వర్తిస్తుందని 2016లో ఈయన కేసులోనే తేల్చింది. జైల్లో బాక్సింగ్ జట్టు పెట్టడానికి సాయపడ్డాడని, సిల్క్ స్క్రీన్ విభాగంలో పనిచేశాడని ఆ తీర్పులో ప్రస్తావన ఉంది. అయినా పెరోల్ బోర్డు రెండుసార్లు కాదంది. చివరికి 2021 నవంబరులో, 75వ ఏట బయటికొచ్చాడు. అక్కడ ఇలాంటి మదింపులు చేసే సైకాలజిస్టులు కుర్రతనం నాటి బడి రికార్డులు, ఇంటి పరిస్థితులు, జైలు రికార్డులు ఏళ్లవారీగా తిరగేస్తారు. మనకు అంత దూరం పోవాల్సిన పని లేదు. మన చట్టం 21వ సెక్షన్‌లో పిల్లలకు ఉరి, విడుదలకు అవకాశం లేని యావజ్జీవం రెండూ నిషేధించింది. ఐదేళ్లలోపే తిరిగి చూసే ఏర్పాటూ పెట్టింది. వాళ్ల కంటే మంచి చట్టం చేతిలో ఉంచుకుని, వాళ్లపాటి కాగితాలు కూడా మనం ఉంచడం లేదు.

కాగితం లేకపోతే ఏమవుతుందో మన దేశంలోనే రెండు తీర్పులు చూపించాయి. 1994 నాటి పుణె హత్యల కేసులో ఉరిశిక్ష పడిన ఒకాయన నేరం నాటికి 12 ఏళ్ల 6 నెలల వాడని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చి విడుదల చేసింది. అప్పటికి ఆయన 28 ఏళ్లు జైల్లో ఉన్నాడు. మొన్న 2025 జనవరి 8న ఓం ప్రకాశ్ కేసులో, 14వ ఏట జరిగిన నేరానికి పాతికేళ్లు జైల్లో గడిపిన మనిషిని విడిచిపెట్టింది. అవి వయసు కేసులు, నేను మాట్లాడుతున్నది మనసు గురించి అనవచ్చు. రెండింటికీ మూలం ఒకటే. పిల్లవాడు చేతికి చిక్కిన మొదటి రోజున అడగాల్సింది అడగలేదు, రాయాల్సింది రాయలేదు.

బాధిత కుటుంబాలు ఈ ఉత్తరం చదివితే, మా బిడ్డ ప్రాణానికి లెక్క లేదా అని అడుగుతారు. అడగాలి కూడా. వాళ్లతో నేను చెప్పేది ఒకటే. పలచటి మదింపు వాళ్లకూ చేటే. పైన చెప్పిన 2022 తీర్పు వచ్చిన కేసులో ఒక బడి పిల్లవాడు 2017 సెప్టెంబరులో చనిపోయాడు. అదే ఏడాది డిసెంబరులో బోర్డు మదింపు చేసింది. ఆ మదింపు సరిగా జరిగిందా లేదా అన్న వాదనే దాదాపు ఐదేళ్లు పైకోర్టుల్లో నడిచింది. కన్నవాళ్లు అసలు విచారణ కోసం అన్నేళ్లు ఎదురుచూశారు. మొదటిసారే సరైన మనుషులు, సరైన పద్ధతిలో చేసి ఉంటే ఆ వాదనకు చోటుండేది కాదు. ఇంకో సంగతి. 21వ ఏట విడుదలయ్యేవాడు మళ్లీ అదే ఊరికి వస్తాడు, అదే బస్టాండులో బాధిత కుటుంబానికి ఎదురుపడతాడు. అతను నిజంగా మారాడో లేదో అందరికంటే ఎక్కువగా తెలియాల్సింది వాళ్లకే. మారకుండానే ‘ప్రవర్తన సంతృప్తికరం’ అన్న కాగితంతో బయటికొచ్చేవాడు కూడా ఉంటాడు. అతన్ని ఆపగలిగేది కూడా నిజాయతీగా రాసిన రికార్డే. మదింపు అంటే కుర్రాడి తరఫున వకాల్తా కాదు. నేను రాసిన వాటిల్లో ‘ఇంకా సిద్ధంగా లేడు’ అన్నవీ ఉన్నాయి.

కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాలతో మొదలుపెట్టి మీరు కొన్ని ఏర్పాట్లు చేయించాలని కోరుతున్నాను. బోర్డు ముందుకు వచ్చిన మొదటి రోజు నుంచి ప్రతి పిల్లవాడికీ ఒక మానసిక రికార్డు తెరవాలి. పిల్లవాడు ఎక్కడికి మారితే అది అక్కడికి వెళ్లాలి, ఇల్లు మారినా, జిల్లా మారినా. ఏటేటా ఇచ్చే నివేదికలో ‘సంతృప్తికరం’ లాంటి ఒక్క మాటతో సరిపెట్టడం కుదరదని ఆదేశించాలి. ఏం చదివాడు, ఏ పని నేర్చాడు, ఎవరితో గొడవపడ్డాడు, పడ్డాక ఎలా సర్దుకున్నాడు, ఇంటి నుంచి ఎవరు వచ్చి చూశారు, మత్తు అలవాటు ఉంటే ఏమైంది, చేసిన పని గురించి అతని మాటల్లో ఏటికేడు ఏం మార్పు వచ్చింది. ఇవి రాయాలి. వాటికి ఆధారమైనవి, నోటు పుస్తకమైనా, సర్టిఫికెట్ అయినా, నకలు జత చేయాలి. వార్డెన్‌కు తెలిసినంతగా ఇవి ఇంకెవరికీ తెలియవు. కానీ రాయమని ఆయన్ని అడిగినవాళ్లు లేరు.

నిపుణుల జాబితా జిల్లా బాలల పరిరక్షణ విభాగం బోర్డుకు అందించవచ్చని అదే 10-ఎ నియమం చెబుతోంది. ఒక్కో జిల్లాకు విడిగా సరిపడా మనుషులు దొరకరు, అది నిజం. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం మూడింటికీ కలిపి ఒక జాబితా వేయవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం రెండు ఊళ్లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ విభాగం ఉంది. పిల్లల కేసుల మదింపులో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లకు అనుభవం ఉంది, శిక్షణ వాళ్లతో ఇప్పించవచ్చు. సవర, కువి మాట్లాడే ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తలు ఏజెన్సీలో ఉన్నారు. వాళ్లలో కొందరికి గోప్యత నియమాలు నేర్పి దుబాసీలుగా పెట్టుకోవచ్చు.

కౌన్సెలింగ్ ఇచ్చే మనిషి చేతే కోర్టుకు మదింపు రాయించవద్దు. తాను నమ్మి చెప్పుకున్నది రేపు కోర్టులో చదువుతారని తెలిస్తే ఏ పిల్లవాడూ నోరు విప్పడు, బాగుపడడు. మదింపుకు వచ్చినవాళ్లు ముందే, ఇది ఎవరికి వెళ్తుందో, ఏది చెప్పక్కర్లేదో పిల్లవాడి భాషలో వివరించి, వివరించినట్టు నివేదికలో రాయాలి. మొదటి మదింపులో నేరం ఒప్పుకోలు కథ ఉండకూడదు. నివేదిక సారాంశాన్ని పిల్లవాడికీ తల్లిదండ్రులకూ తెలియజేసి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వడానికి 99వ సెక్షన్‌లో వీలుంది. ఆ వీలును రివాజుగా మార్చండి. బాధితులకు కేసు కాగితాలు నిరాకరించకూడదని అదే సెక్షన్ చెప్పింది, అదీ అమలు చేయించండి.

21వ ఏటి మదింపు పుట్టినరోజు దగ్గరపడ్డాక మొదలైతే ఆలస్యమే. ఇరవైన్నర వచ్చేసరికే మొదలవ్వాలి. ఇంటికెళ్లి చూడాలి, పని దొరికే చోటు చూడాలి, ఊళ్లో పరిస్థితి చూడాలి. ఆ ఊరు వద్దంటే వేరే చోటు వెతకడానికి కూడా వ్యవధి ఉండాలి. మొదట రాసిన నిపుణులు కాకుండా వేరేవాళ్లు, మొత్తం రికార్డు చదివి, వేర్వేరు రోజుల్లో చూసి రాయాలి. మారలేదని రాస్తే ఎందుకు మారలేదో, అతనికి అందాల్సిన చదువు, చికిత్స అందాయో లేదో కూడా రాయాలి. కౌన్సెలరే రాని చోట ఉంచి, కౌన్సెలింగ్‌కు స్పందించలేదని రాయడం నేను చూశాను.

ఈ పనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు. ఒక సర్క్యులర్, ఒక నమూనా పత్రం, మూడు జిల్లాల ఉమ్మడి జాబితా, ఏడాదికి రెండుసార్లు మీ కమిటీ తరఫున తనిఖీ చాలు. నమూనా పత్రం ముసాయిదా నేను తయారుచేసి ఉంచాను. ఉమ్మడి జాబితా వేస్తే నా పేరు అందులో ఉంచండి, శ్రీకాకుళమైనా పార్వతీపురమైనా వస్తాను. ప్రస్తుతం ప్లేస్ ఆఫ్ సేఫ్టీలో ఉన్న మన జిల్లాల కుర్రాళ్లలో వచ్చే ఏడాదిలోగా 21 నిండేవాళ్లు ఎవరెవరో ముందుగా లెక్క తీయించండి. వాళ్ల మదింపులు ఈ నెలలోనే మొదలుపెట్టించాల్సిందిగా ప్రార్థన.

భవదీయురాలు,
ఒక క్లినికల్ సైకాలజిస్టు,
విజయనగరం